క్యాసెట్‌లో లేని వయొలిన్

పోయిన వారం మీరు నన్ను వదిలిపెట్టిన చోటే ఉన్నాను: ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు గేటు దగ్గర, ఎండలో, పక్కన మా చెల్లెలు మాలతితో. కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి లోపలికి తీసుకుపోతాను. నా పేరు కుసుమకుమారి. దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్ నడుపుతాను. చీర చూడగానే దానికి ఏ రంగు జాకెట్టు గుడ్డ పడుతుందో చెప్పడంలో ఆ బజార్లో నన్ను మించినవాళ్లు లేరు, కానీ ఈ కథ దాని గురించి కాదు. డెబ్బై ఎనిమిదిలో 'ఏడున్నర' అనే రాక్ బ్యాండుతో ఒకే ఒక్కసారి స్టేజీ ఎక్కి వయొలిన్ వాయించాను. మూసారాంబాగ్‌లో ఒక స్కూలు హాలు. వాళ్ల పెద్ద పాట పేరు 'ఆసు'. అరగంట దాకా సాగే ఆ పాట నడుమ నా వయొలిన్ ఉంది. ఆ రోజు తీసిన టేపు నుంచే క్యాసెట్ పుట్టింది, ఆ క్యాసెట్ చేతులు మారి, కాపీల మీద కాపీలై, బ్యాండు ఎప్పుడో మూతపడినా దానికి ఇంతమంది అభిమానుల్ని తెచ్చిపెట్టింది. ఆ క్యాసెట్‌లో మాత్రం నా వయొలిన్ లేదు. ఒక్క తీగ చప్పుడు కూడా లేదు. అందుకని ముప్పై మూడేళ్లుగా నేను అబద్ధాలకోరుని.

మొహం మీద అలా అనరు లెండి. "కుసుమక్కకు జర ఊహలెక్కువ" అంటారు. అది వింటే ఇంకా ఒళ్లు మండుతుంది.

ఇవాళ ఆ బ్యాండులో మిగిలిన ముగ్గురూ మళ్లీ కలిసి వాయిస్తున్నారు. ఆర్గాన్ మీద త్రినాథరావు, గిటారు నరేష్‌కుమార్, డ్రమ్స్ ఎల్లయ్య. ప్రోగ్రాం కాగానే పాత క్యాసెట్‌ను సీడీగా విడుదల చేస్తారు. అట్ట మీద వాయించినవాళ్ల పేర్లుంటాయి, నా పేరుండదు. ఎల్లయ్యకు భుజాలు అరిగిపోయాయనీ, ఇదే ఆఖరుసారి అనీ ముందే చెప్పేశారు. నా మాట ఇవాళ నిలబడకపోతే ఇక ఎన్నటికీ నిలబడదు.

వాయించినవాళ్లనే అడగొచ్చు కదా అంటారు మీరు. అడిగాం. త్రినాథరావు గారు "గుర్తు లేదండి" అన్నారు. నరేష్‌కుమార్ ఆ ప్రోగ్రాం తరవాత చేరినవాడు, అతనికంటే ముందున్న గిటారు మనిషి పోయాడు. ఇక ఎల్లయ్య. ఆ ప్రోగ్రాం అయిన కొద్ది రోజులకే భివండీలో మరమగ్గాల పనికని వెళ్లిపోయి, మళ్లీ ఇటు తొంగిచూడలేదు. అభిమాన సంఘం ప్రెసిడెంటు శ్రీధర్ మొన్న ఎలాగో నంబరు సంపాదించి ఫోన్ చేస్తే, "ఒస్త" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడట. నన్ను కూడా మాట్లాడమన్నారు. నేను మాట్లాడలేదు. ఫోన్ చేసి, అన్నా నేను వాయించిన అని జర చెప్పవా అని అడుక్కోవాలా? వాయించాను. అంతే.

ఎల్లయ్య రిహార్సల్స్ నాటికే రావలసింది. తెలంగాణ సమ్మెతో బస్సులు బందు, పైగా రైల్ రోకో. రైలు తాండూరులో ఆగిపోతే, అక్కడ ఎవరిదో జీపెక్కి, ప్రోగ్రాం మొదలయ్యే వేళకు నేరుగా హాలు గేట్లోకి వచ్చాడు. ఆ జీపు దగ్గరే కదా పోయిన వారం ఆపాను. దిగీ దిగగానే, నన్ను చూడకముందే, శ్రీధర్ ఆయన్ని స్టేజీ వెనక్కి తీసుకుపోయాడు. ఇక లోపలికి పదండి.

లోపల ముందురోజు పెళ్లి తాలూకు బంతిపూల దండలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. సోఫాల్లాంటి రెండు పెళ్లి కుర్చీలు స్టేజీ మూలకు నెట్టేశారు. వాచ్‌మన్ జంగయ్య పొద్దుట్నుంచీ ఇదేదో ఉద్యమం ఆటపాటల ధూంధాం అనుకుంటున్నాడు.

"అమ్మా, బతుకమ్మ పాటలు ఎప్పుడు పెడతరు?" అన్నాడు నాతో.

"గవి ఉండవు జంగయ్యా. గీళ్లు మాటల్లేకుంట వాయిస్తరు. ఒక్కొక్క పాట అరగంట" అన్నాను.

"మాటల్లేకుంట అరగంటనా?" అని వాడు నన్ను జాలిగా చూశాడు. అయినా పోలేదు, తలుపు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

హాలు నిండింది. నేననుకోలేదు ఇంత నిండుతుందని. బస్సుల్లేని రోజున ఎవరొస్తారులే అనుకుంటే, షేర్ ఆటోల్లో కుక్కుకుని, బైకుల మీద ముగ్గురేసి, నాదర్‌గుల్ నుంచి ఒకాయన ఏకంగా ట్రాక్టరు మీద వచ్చాడు. విజయవాడ నుంచి ఒకాయన ముందురోజే కారులో వచ్చి లాడ్జిలో దిగాడట. జుట్టు నెరిసినవాళ్లే ఎక్కువ. నా పక్క కుర్చీలో భారతమ్మ గారు కూర్చున్నారు. చైతన్యపురి కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తారు, ఏడున్నర పాటలన్నీ వేళ్ల మీద లెక్కేసుకుంటూ వినే మనిషి. ఈ బ్యాండుకు ఏడున్నర శని పట్టిందని వెక్కిరించే వాళ్లతో నడిరోడ్డు మీద తగవు పెట్టుకున్న ఘనత కూడా ఉంది ఆవిడకి.

తెర లేచింది. ముగ్గురూ నిలబడి ఉన్నారు. అబ్బ, ఎంత ముసలివాళ్లయిపోయారు! క్యాసెట్ అట్ట మీద ఫొటోలో భుజాల దాకా జుట్టుండే త్రినాథరావుకి బట్టతల మెరిసిపోతోంది. నరేష్‌కుమార్ గిటారు బెల్టు పొట్ట మీద ఆగనంటోంది. ఎల్లయ్య ప్రయాణపు దుమ్ముతోనే ఉన్నాడు, సన్నగా, వెదురు కర్రకు చొక్కా తొడిగినట్టు. అయినా హాలంతా లేచి నిలబడింది. వెనక వరసలో ఎవరో "జై తెలంగాణ" అని అరిచారు. సగం హాలు బదులు పలికింది. విజయవాడాయన తల దించుకుని తన చెప్పులు చూసుకున్నాడు. స్టేజీ మీద తెనాలి మనిషి త్రినాథరావు చేతులు ఆర్గాన్ మీద అలాగే ఆగిపోయాయి.

ఎల్లయ్య మైకు దగ్గరికి వచ్చాడు. "జై తెలంగాణ. ఇగ పాటకొద్దాం" అని, త్రినాథరావు వైపు తిరిగి, "ఏం రా త్రినాథ్, నీ జుట్టంత యాడ తాకట్టు పెట్టినవ్?" అన్నాడు.

హాలు గొల్లుమంది. విజయవాడాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. త్రినాథరావు లేచొచ్చి ఎల్లయ్యను వాటేసుకున్నాడు. ఆ కౌగిలి చూసి నాకు కూడా కళ్లు చెమర్చాయి, ఎందుకు దాచాలి? ఆయన మీద ఎంత కోపమున్నా వాళ్లిద్దరూ ఒక స్టేజీ మీద నిలబడటం నేను మళ్లీ చూస్తాననుకోలేదు.

మొదలుపెట్టారు. మొదటి పాటలో కొంచెం తడబడ్డారు, గిటారు శ్రుతి జారింది, రెండోదానికి దారిలో పడ్డారు. మూడోదానికి నేనూ కోపం మర్చిపోయాను. క్యాసెట్‌లో సన్నగా, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినిపించే చప్పుడు ఇక్కడ కుర్చీలో ఉన్న మనిషిని ఊపేస్తోంది. ఎల్లయ్య పెద్ద డ్రమ్ము కొట్టినప్పుడల్లా భారతమ్మ గారి కళ్లజోడు ముక్కు మీంచి జారుతోంది. ఆవిడ వేళ్ల మీద లెక్క కూడా మానేశారు.

ఇంటర్వెల్‌లో టీల దగ్గర ఎవర్ని చూసినా ఇదే మాట.

"క్యాసెట్‌ల ఎల్లన్న చెయ్యి ఇంత బరువని తెల్వలే" అన్నాడు ట్రాక్టరు మనిషి.

"ఏం వాయిస్తున్నారండీ బాబూ! త్రినాథరావు గారి ఎడమ చెయ్యి చూశారా, దాని పని అది చేసుకుపోతోంది" అన్నాడు విజయవాడాయన. "మా ఆవిడ వద్దంది ఈ గొడవల్లో పోవద్దని. రాకపోయుంటే చచ్చేదాకా ఏడ్చేవాణ్ణి."

"నరేష్ గిటారే కొద్దిగ డౌన్ ఉంది" అని ఇంకొకడు.

"వయసు చూసి మాట్లాడండి, మీకు ఆ వయసొస్తే చెంచా కూడా పట్టుకోలేరు" అని భారతమ్మ గారు వాణ్ణి అక్కడికక్కడే దులిపేశారు.

శ్రీధర్ సీడీల పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. మంచివాడే. బ్యాంకు ఉద్యోగం, చైతన్యపురిలో ఇల్లు, ఆ ఇంటి ముందు గదే అభిమానుల అడ్డా. ప్రతి ఆదివారం అక్కడ పదిమంది చేరి క్యాసెట్ వింటారు. నేను నేరుగా వెళ్లి పెట్టెలోంచి ఒక సీడీ తీశాను. త్రినాథరావు, ఎల్లయ్యల పేర్లూ, పోయిన గిటారు మనిషి పేరూ ఉన్నాయి.

"తమ్మీ, గీ అట్ట మీద ఒక పేరు తక్కువున్నది" అన్నాను.

"అక్కా, ఇయ్యాల వయొలిన్ గియొలిన్ అనకు, నీకు దండం పెడత" అన్నాడు. "నీ మీద గౌరవం లేక గాదు. మా దగ్గరున్నది టేపు. టేపుల లేనిదాన్ని అట్ట మీద ఎట్ల రాస్త?"

"మనిషి ఎదురుంగ నిలబడి నేను వాయించిన అంటే నమ్మవు. చారానా టేపును నమ్ముతవా?"

"నేను ఆ టేపు ఎన్నిసార్లు విన్ననో నీకు తెల్వదా? ఆసుల వయొలిన్‌కు జాగనే లేదక్కా. మొదటి వైపు అయితది, తిప్పుతం, రెండో వైపు మొదలైతది. నడుమ యాడ పడతది నీ వయొలిన్?"

"ఆ నడుమనే."

"నడుమ ఏం లేదు."

"ఎల్లన్న ఈడ్నే ఉన్నడు గదా, పా, అడుగుదాం" అన్నాను. నా పౌరుషం నేనే మింగేశాను చూడండి. సీడీ మీద ఆ ఖాళీ చూశాక ఇంక ఆగలేకపోయాను.

స్టేజీ పక్క గది గుమ్మంలో త్రినాథరావు అడ్డంగా నిలబడి ఉన్నారు. "ఆయన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి, రాత్రంతా ప్రయాణం చేసొచ్చారు. అన్నీ తరవాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆ మాట శ్రీధర్‌తో చెప్తున్నారు తప్ప నా వంక చూడటం లేదు.

మాలతి నా మోచెయ్యి పట్టుకుని కుర్చీ దాకా లాక్కొచ్చింది. "అక్కా, ఊకోరాదూ. నలుగుర్ల నవ్వులపాలైతం. వాయించినవ్ అని నీకు తెలుసు గదా, చాలదా?"

"చాలదు" అన్నాను. నిజం అది. నాకు తెలిస్తే చాలదు. నేను వాయించింది వాళ్లందరికీ తెలియాలి.

తరవాత 'ఆసు' మొదలైంది.

ఆసు సంగతి మగ్గం ఎరగనివాళ్లకు ఒక్క మాటలో చెప్తాను. మా పోచంపల్లి వైపు చిటికి చీరకు, అదే ఇక్కత్ చీరకు, దారం సిద్ధం చెయ్యాలంటే, ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా చీలలు ఉంటాయి. ఇంటి ఆడమనిషి దారం చేతిలో పట్టుకుని మేకు నుంచి చీల దాకా, చీల నుంచి మేకు దాకా చెయ్యి ఆడిస్తూనే ఉంటుంది. ఒక చీరకు కొన్ని వేలసార్లు. మా అమ్మ చేసింది, ఎల్లయ్య తల్లి చేసింది. చెయ్యి పోయేటప్పుడు బరువుగా, నిదానంగా పోతుంది. వచ్చేటప్పుడు కొంచెం తొందరగా వస్తుంది. ఎల్లయ్య చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని పళ్లెం మీద అదే దరువు వేసేవాడట. పోయేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు మూడున్నర. బ్యాండు పేరు, పాట, అంతా ఆ చెయ్యిలోంచి వచ్చిందే. నేను ఆ ఊరి పిల్లనే కాబట్టి ఎల్లయ్య నన్ను పిలిచాడు. "మిగిలినోళ్లు లెక్కవెట్టి వాయిస్తరు. నువ్వు ఆసు చూసినవ్, నీకు లెక్క అక్కర్లే" అన్నాడు. ఇంట్లో వయొలిన్ పరీక్ష ఉందని చెప్పి వెళ్లాను. మా నాయన రామస్వామి మంచి నేతగాడే కానీ, ఆడపిల్ల జుట్టు పెంచిన మగపిల్లలతో స్టేజీ ఎక్కుతానంటే ఒప్పుకునే రకం కాదు. ఇంటికొచ్చినవాళ్లు ఆ మాటెత్తినా, అదీ నా ఊహే అనుకున్నాడు తప్ప ఆయనకు ఇప్పటిదాకా నిజం తెలియదు. తెలియనివ్వలేదు.

పాట మూడు వంతుల్లో ఒక వంతు నడిచింది. హాల్లో చిన్న కదలిక మొదలైంది. నాకు తెలుసు ఎందుకో. శ్రీధర్ ఇంటి ఆదివారాల్లో ఒక అలవాటుంది. క్యాసెట్ మొదటి వైపు ఆఖరికి రాగానే, గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టి "తిప్పు!" అని అరుస్తారు. దగ్గరున్నవాడు లేచి క్యాసెట్ తిప్పుతాడు. ఏళ్ల తరబడి ఇదే. ఆ అరుపు కూడా వాళ్లకి పాటలో భాగమైపోయింది. ఇవాళ ఆ చోటు దగ్గరపడుతుంటే వాళ్లందరూ కుర్చీల అంచులకు వచ్చి కూర్చున్నారు. భారతమ్మ గారు చేతులు సిద్ధంగా పెట్టుకున్నారు. విజయవాడాయనకు ఎవరో చెవిలో చెప్తున్నారు, ఇప్పుడు చూడండి అని.

ఇంకో సంగతి మీకు చెప్పాలి, ఎందుకంటే తరవాత జరిగిందంతా దాని వల్లే. ముప్పై ఏళ్లయ్యేసరికి త్రినాథరావు, నరేష్‌కుమార్ ఈ పాట పూర్తిగా గుర్తులేదంటే, రిహార్సల్స్‌కి శ్రీధరే తన క్యాసెట్ ఇచ్చాడు. వాళ్ల పాటను వాళ్లే అభిమాని క్యాసెట్ విని నేర్చుకున్నారు. నరేష్‌కుమార్‌కి నిజంగానే వేరే దారి లేదు, అతను చేరేనాటికి ఆ పాటను అలా పొట్టిగానే వాయించేవారు. కానీ ఎల్లయ్య రిహార్సల్‌కి రాలేదు. ఆ క్యాసెట్ ఆయన జన్మలో వినలేదు.

వచ్చింది ఆ చోటు. హాలంతా ఒక్క చప్పట్టు, ఒక్క గొంతు.

"తిప్పు!"

నరేష్‌కుమార్ నవ్వుకుంటూ ఒక్క క్షణం ఆగి, రెండో వైపు మొదలుపెట్టాడు. ఆర్గాన్ కూడా అందుకుంది.

ఎల్లయ్య ఆగలేదు. ఆయన రెండో వైపుకు పోనేలేదు. అరుపేంటో తెలియక ఒకసారి తలెత్తి చూశాడంతే, చేతులు మాత్రం వాటి దారిన అవి పోయాయి. పెద్ద చప్పుళ్లన్నీ వదిలేసి, అంచు మీద, సన్నగా, పోయేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు మూడున్నర. గిటారు ఒక దారి, డ్రమ్ము ఒక దారి. చెవికి రోత పుట్టింది. నరేష్‌కుమార్ రెండు మూడుసార్లు కలుపుకోవాలని చూసి, వల్లకాక ఆపేశాడు. ఆర్గాన్ కూడా ఆగిపోయింది.

"ముసలాయన తప్పిపోయిండు పాపం" అన్నాడు వెనక ఎవడో.

"ఆయన తప్పిపోలే, మీరే తప్పిండ్రు!" అని అరిచాను. నిజంగానే అరిచాను, లేచి నిలబడి. హాల్లో తలలన్నీ నావైపు తిరిగాయి. శ్రీధర్ ముందు వరస నుంచి, కూర్చో అక్కా అని చేత్తో సైగ చేశాడు. నేనెందుకు కూర్చుంటాను? ముప్పై మూడేళ్లుగా నా ఒక్కదాని తలలోనే ఉన్న చోటు అది. ఇప్పుడు హాలు మధ్యలో తలుపు తెరిచి పెట్టినట్టు నా ముందుంది. నా ముక్క ఎక్కడ మొదలవ్వాలో నాకు తెలుసు. చెయ్యి మేకు దగ్గరికి తిరిగొచ్చి, మళ్లీ బయల్దేరేచోట.

వయొలిన్ లేకపోతే ఏం, గొంతుంది కదా. పాడాను. మాటల్లేని పాట, తీగ మీద వాయించినట్టే, ఆ ఎత్తులూ ఆ జారుళ్లూ అన్నీ. నా గొంతు గొప్పదేం కాదు, మొదట కొంచెం బొంగురుపోయింది కూడా. కానీ దరువు మీద ఎక్కడ పడాలో అక్కడ పడింది, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఎల్లయ్య తల ఒక్కసారి ఇటు తిరిగింది. ఆయన మొహంలో వెలుగు నేను నిలబడ్డ చోటికి కనిపించింది. చెయ్యి కొంచెం బలంగా వేశాడు, రా రా అన్నట్టు.

మాలతి లేచి నా భుజం పట్టుకుంది. "అక్కా! గిది నువ్వు షాపుల గుడ్డలు మడతవెట్టేటప్పుడు పాడేది గదా! వంటింట్ల పాడేది గదా! చిన్నప్పటి సంది వింటున్న నేను. గిది ఈ పాటలదేనా?"

నేను పాడుతూనే తలూపాను.

అప్పుడు జరిగింది అసలు సంగతి. ఆర్గాన్ పలికింది. మెల్లగా, కింది స్వరాల మీద, నా పాట కింద పరిచినట్టు. క్యాసెట్‌లో ఎక్కడా లేని స్వరాలవి. స్కూలు హాల్లో ఆ రోజు నా వయొలిన్ కింద వాయించినవే, అదే వరస. గుర్తు లేదండి అన్న మనిషి ఎడమ చెయ్యి ఒక్క మెట్టు కూడా తప్పకుండా దాని పని అది చేసుకుపోతోంది. త్రినాథరావు కళ్లు మూసుకుని ఉన్నారు. బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. నాకు ఆయన ఏడుపు మీద జాలి కలగలేదు. ఒళ్లంతా మంట పుట్టింది. ఈయనకు అంతా గుర్తుంది. మొదట్నుంచీ గుర్తుంది!

ఆ ముక్క పూర్తయ్యేదాకా పాడాను. నరేష్‌కుమార్ కనిపెట్టుకుని ఉండి, సరిగ్గా రెండో వైపు మొదలయ్యేచోట గిటారు అందుకున్నాడు. ఈసారి అందరూ ఒకే దారిలో పడ్డారు. పాట ఆఖరిదాకా హాల్లో ఒక్కరు కదిలితే ఒట్టు. ఆఖరి దెబ్బ పడింది. తలుపు దగ్గర జంగయ్య చప్పట్లు మొదలుపెడితే హాలంతా అందుకుంది. భారతమ్మ గారు నా రెండు చేతులూ పట్టుకుని, "ఇన్నేళ్లూ లెక్క ఎందుకు తెగుతోందా అనుకునేదాన్ని. నన్ను క్షమించండి కుసుమ గారూ" అన్నారు. ఆవిడ చాలాకాలం నన్ను నమ్మని వాళ్లలో గట్టి మనిషి. విజయవాడాయన కర్చీఫ్‌తో మొహం తుడుచుకుంటూ, "ఇన్నాళ్లూ సగం పాట విని అభిమానులం అనుకున్నామా మనం!" అన్నాడు.

ఎల్లయ్య మైకు అందుకున్నాడు. ఆయాసంతో ఒక్కో మాటా కష్టంగా వస్తోంది. "గా వయొలిన్ పిల్ల వచ్చిందని నాకెవ్వరు చెప్పలే. రా చెల్లె, పైకి రా. గట్ల కింద నిలబడి పాడుడేంది?"

పిల్లట! యాభై నాలుగేళ్ల పిల్లని. కుర్చీల మధ్యలోంచి నడిచి మెట్లెక్కాను. జనం దారి ఇస్తున్నారు, కొందరు నా చెయ్యి ముట్టుకుంటున్నారు. సిగ్గుపడలేదు, తల వంచలేదు. ఇది నాకు రావలసిందే.

శ్రీధర్ కూడా నా వెనకే ఎక్కాడు, చేతిలో సీడీతో. మొహం పాలిపోయింది. మైకులోనే అన్నాడు, అందరి ముందూ. అది మాత్రం వాడి మంచితనం. "అక్కా, నాదే తప్పు. గీ అట్ట ఇట్లనే బయటికి పోదు. నీ పేరు లేకుంట పోదు." తరవాత త్రినాథరావు వైపు తిరిగాడు. "గానీ సార్, నాకొక సంగతి చెప్పండి. క్యాసెట్ తిప్పేటప్పుడు రెండు మూడు సెకండ్లు పోతయి. ఇంత పెద్ద ముక్క ఎట్ల పోయింది?"

త్రినాథరావు ఆర్గాన్ ముందు నుంచి లేవలేదు. జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు. "ఆ రోజు క్యాసెట్ మీద తీయలేదండి. నా స్పూల్ టేపు మీద, చక్రానికి చుట్టే పెద్ద రీలు మీద తీశాం. దాంట్లో తిప్పడం లేదు, పాట మొత్తం ఒకే వైపు ఉంది. క్యాసెట్ తరవాత దాంట్లోంచి చేసిన కాపీ." "ఆ ముక్క పోలేదు. కత్తిరించారు."

ముందు వరసలో వాళ్లు లేచి నిలబడ్డారు.

"ఎవరు? మీరేనా?" అన్నాను. "నేను మీకేం చేసిన సార్? ముప్పై మూడేండ్లు నన్ను అబద్ధాలదాన్ని చేసిండ్రు. నోరు తెరిచి ఒక్క మాట చెప్తే ఏం పోయేది మీకు?"

"నేను కాదమ్మా. చెప్పనని మాటిచ్చాను" అన్నారాయన. "ప్రోగ్రాం అయిన మర్నాడు పొద్దున్నే, ఎవరి నోటో విని, ఆయన మా గదికొచ్చారు. ఎల్లయ్య కూడా ఎరగడు. టేపు పెట్టమన్నారు. నీ వయొలిన్ వచ్చేదాకా నిలబడి విన్నారు, అయిపోయేదాకా విన్నారు. మళ్లీ ఒకసారి పెట్టమన్నారు. తరవాత బ్లేడు అడిగారు. నేను ఆపబోతే, నా కూతురి పెళ్లి కావాలి బాబూ, అని నా చేతులు పట్టుకున్నారు. ఆయనే కోశారు, నీ వయొలిన్ ఉన్నంతమేరా, ఒక్క స్వరం కూడా తెగకుండా. అతుకు వినపడకూడదని క్యాసెట్ చేసేటప్పుడు మొదటి వైపు అక్కడే ఆపాం. ఆ ముక్క ఆయన పారేయలేదమ్మా. చుట్ట చుట్టుకుని జేబులో పెట్టుకుని తీసుకుపోయారు."

మాలతి స్టేజీ కింద నిలబడి నోరు చేత్తో మూసుకుంది.

మా నాయన. వయొలిన్ పరీక్ష ఎట్లయింది బిడ్డా అని ఆ సాయంత్రం నన్ను అడిగిన మా నాయన. ఎనభై దాటి, ఈ నిమిషాన మూసారాంబాగ్‌లో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉద్యమం వార్తలు చూస్తూ ఉంటాడు. నేను వంటింట్లో ఈ పాట పాడినప్పుడల్లా పక్క గదిలోనే ఉన్నాడు. "దీనికి ఊహలెక్కువ" అని ఇంటికొచ్చినవాళ్లు నవ్వినప్పుడల్లా వాళ్లతో పాటు అక్కడే ఉన్నాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు, ఒక్కసారి కూడా కాదనలేదు.

"చెల్లె, ఇంకొకసారి వాయిద్దామా? ఈసారి అందరం కలిసి" అన్నాడు ఎల్లయ్య.

"వాయిద్దామన్నా. జర ఆగుండ్రి" అని మెట్లు దిగాను. "మాలతీ, ఆటోను పిలువు. నాయన దగ్గరికి పోదాం."